గొట్టం తెరుచుకున్న వారం

సృజన ఎడమ కన్నులో గొట్టం అమర్చి ఆ గురువారానికి నలభై రోజులు. తండ్రి మధుసూదన్ డీసీఎం వ్యానులో విత్తనాల లోడు వేసుకుని పొద్దున నాలుగింటికే సిద్దిపేట వెళ్ళాడు. శామీర్‌పేటలో, రాజీవ్ రహదారికి రెండు సందులు లోపలగా ఉన్న వాళ్ళ ఇంట్లో సృజన, ఆమె అవ్వ, అంటే మధుసూదన్ తల్లి జయమ్మ మాత్రమే మిగిలారు. పదకొండు గంటలకు గేటు గొళ్ళెం చప్పుడైంది. బయట ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆ సవరింపుతోనే సృజనకు మనిషెవరో తెలిసిపోయింది. పోయిన వారం మనం ఆమెను విడిచింది అక్కడే, రెండు దిండ్లు ఎత్తుగా వేసిన మంచం మీద, దుప్పటి అంచు పిడికిట్లో పట్టుకుని ఉండగా.

వచ్చినవాడు శ్రవణ్.

కథలోకి ఇప్పుడే వస్తున్నవాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలి. సృజనకు ఇరవై ఏడేళ్ళు. మేడ్చల్ రోడ్డులో ఒక విత్తనాల కంపెనీ ల్యాబులో పనిచేసేది. అడుగున దీపం వెలిగే గాజుబల్ల మీద వరి గింజలు పోసుకుని, చిమటాతో వేరు రకం గింజలు ఏరి పక్కన పెట్టడం ఆమె పని. వెయ్యి గింజల్లో ఒక్కటి తేడాగా ఉన్నా సృజన పట్టుకుంటుందని ల్యాబులో అనుకునేవారు. అలాంటి కళ్ళకు గ్లకోమా ఉందని రెండేళ్ళ కిందట బయటపడింది. పాతవాళ్ళు నీటికాసులు అంటారు. కంట్లో ఊరే నీరు బయటికి పోలేక, ఒత్తిడి పెరిగి, వెనకున్న నరాన్ని ఎండగొట్టే జబ్బు. తెలిసేసరికే కుడికన్ను పోయింది. ఎడమ కన్నులో నడుమ కొంత చూపు మిగిలింది.

సరిగ్గా ఆ నెలలోనే శ్రవణ్ ఇంటివాళ్ళు వచ్చి పెళ్ళి మాట ఖాయం చేసుకోవాలి. రాలేదు. మేడ్చల్ బస్ డిపో ఎదురుగా మందుల షాపులో కూర్చునే శ్రవణ్, షాపు అన్నకు వదిలేసి ఎటో వెళ్ళిపోయాడు. ఫోన్ నంబరు కూడా మార్చేశాడు. చూపు పోయే పిల్లను ఎవరు చేసుకుంటారని ఊరు అనుకుంది. ఆ పేరు ఇంట్లో ఎత్తవద్దని మధుసూదన్ అన్నాడు. సృజన ఎత్తలేదు. కానీ కంపెనీ బస్సు డిపో ముందు మలుపు తిరిగిన ప్రతిసారీ, మిగిలిన ఆ కాస్త చూపునూ షాపు కౌంటరు మీదికి తీసుకుపోయేది. అక్కడ ప్రతిసారీ అన్నే ఉండేవాడు. అయినా మర్నాడు మళ్ళీ చూసేది.

మొదట చేసిన ఆపరేషను నిలవలేదు. నీరు పోవడానికి చేసిన దారి పూడుకుపోయి, ఇరవై దాటకూడని ఒత్తిడి మళ్ళీ ముప్పై ఎనిమిదికి చేరింది. అప్పుడు డాక్టర్ సుస్మిత గొట్టం వేయాలన్నారు. పైరెప్ప కింద, కనుగుడ్డు మీద గోరంత పలక కుట్టి, దాని నుంచి సన్నని గొట్టాన్ని కంటి ముందుగదిలోకి పంపుతారు. మొదటి రోజే తెరిచి ఉంచితే నీరంతా ఒక్కసారి పోతుంది కనుక, కరిగిపోయే దారంతో దానికి ముడి వేస్తారు. ఐదారు వారాలకు దారం కరిగి గొట్టం తనంతట తానే తెరుచుకోవాలి.

ఆదివారం తెరుచుకుంది. సోమవారం చూస్తే, పదైనా ఉండాల్సిన ఒత్తిడి మూడుకు పడిపోయి ఉంది. కావలసినదానికంటే ఎక్కువ పారుతోందని, పలక చుట్టూ పొర గట్టిపడితే చాలామందికి సర్దుకుంటుందని, సర్దుకోకపోతే మళ్ళీ చేయి పెట్టాల్సి వస్తుందని డాక్టర్ చెప్పారు. వంగవద్దన్నారు. బరువు ఎత్తవద్దు, గట్టిగా దగ్గవద్దు అన్నారు. శుక్రవారం రమ్మన్నారు. నొప్పి వచ్చినా, చూపు మసకబారినా శుక్రవారం దాకా ఆగకుండా ఆ గంటే బయలుదేరమన్నారు.

ఇదీ అప్పటి పరిస్థితి.

జయమ్మ గేటు తీసింది. శ్రవణ్‌కు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, లోపలికి పొమ్మని చేత్తోనే చూపించి, తను చింతపండు పళ్ళెం ముందేసుకుని వాకిట్లో కూర్చుంది. తలుపు మాత్రం తీసే ఉంచింది.

అతను గడప దాటి ఆగిపోయాడు.

"కుడి దిక్కు నిలబడకు," అంది సృజన. "ఆ దిక్కు నాకేం కనవడది."

శ్రవణ్ మంచం చుట్టూ తిరిగి వచ్చాడు. ఇంకొంచెం ఇటు రమ్మంది. కుర్చీ ఉంది, కూర్చోమంది. అతను కుర్చీ జరుపుకుంటుంటే, ఇక అక్కడే ఉండమంది.

కంటి మీద చిన్న చిన్న రంధ్రాలున్న ప్లాస్టిక్ డొప్ప. దానిలోంచి అతను నీళ్ళ అడుగున ఉన్న మనిషిలా కదులుతూ కనిపించాడు. అదీ ముక్కలుగానే. గడ్డం చూస్తే చెవి పోతోంది, చెవి చూస్తే కళ్ళు పోతున్నాయి. ఆ ముఖాన్ని రెండేళ్ళపాటు ఆమె మనసులో ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకుందంటే, ఇప్పుడు ఎదురుగా ఉన్నదెంతో తను కలుపుకుంటున్నదెంతో తెలియలేదు. చిక్కిపోయాడని మాత్రం తెలిసింది.

ఎక్కడుంటున్నావని అడిగింది. గాజులరామారంలో అన్నాడు. జీడిమెట్ల వైపు సీసాలకు ప్లాస్టిక్ మూతలు చేసే కంపెనీలో షిఫ్టు పని. కంపెనీ వెనకాలే గది.

సృజన లెక్కలో అతను రైళ్ళు మారి పోవలసిన ఏదో ఊళ్ళో ఉండేవాడు. అంత దూరం కాబట్టే రాలేకపోతున్నాడని చెప్పుకునేది. ఒక్కోసారి సముద్రం కూడా దాటించేసేది. గాజులరామారానికి ఇక్కడి నుంచి రెండు బస్సులు.

"గింత దగ్గరున్నవా," అంది.

అవ్వ ఫోన్ చేసిందని, ఆపరేషను సంగతి చెప్పిందని శ్రవణ్ అన్నాడు. వచ్చింది పలకరించడానికి మాత్రమే కాదన్నాడు.

"ఒకటి చెప్పాల్నని వచ్చిన సృజనా. చెప్పినంక పొమ్మంటే పోత."

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. సృజన డిగ్రీలో ఉన్నప్పటి సంగతి. ఎండాకాలం మొదలైతే చాలు ఆమెకు కళ్ళు దురదపెట్టేవి. డిపో ముందు బస్సు కోసం నిలబడి, దుమ్ములో రెండు చేతులతో కళ్ళు నులుముకుంటూ ఉండేది. అతను అప్పుడే డీఫార్మసీ పూర్తిచేసి షాపులో కూర్చున్నాడు. ఒకరోజు పిలిచి చిన్న సీసా ఇచ్చాడు. పూటకు రెండు చుక్కలు. గంటలో దురద పోయింది. మర్నాడు ఆమె నవ్వుతూ వచ్చి చెప్పింది. ఆ నవ్వు కోసం మళ్ళీ ఇచ్చాడు. అలా నాలుగేళ్ళు. ఆమె అడగకముందే సీసా తీసి కౌంటరు మీద పెట్టేవాడు. ఆమె కోసం తను చేయగలిగిన పని అదొక్కటేనని మురిసిపోయేవాడు. ఆ చుక్కల్లో ఉన్నది స్టెరాయిడ్ మందు. డాక్టరు చూడకుండా వారాల తరబడి వాడితే కంట్లో ఒత్తిడి పెరుగుతుందని అతని పుస్తకంలోనే ఉంది. చదివాడు. పరీక్షలో రాశాడు కూడా.

"అన్ని షాపులల్ల ఇస్తరు, ఏమైతది అనుకున్న," అన్నాడు. "నీ కన్ను జబ్బు తియ్యలే సృజనా. నేను తీసిన."

వాకిట్లో చింతగింజలు పళ్ళెంలో పడుతున్న చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

"నాకు తెలుసు," అంది సృజన.

అతను తలెత్తాడు.

మొదటి రోజే తెలుసని చెప్పింది. డాక్టర్ సుస్మిత ఏ చుక్కలు వాడావు, ఎన్నాళ్ళు వాడావు అని అడిగి, సీసా ఎలా ఉంటుందో చెప్పించుకుని, ఇదీ కారణం అని ముఖం మీదే చెప్పారట. ఏ షాపువాడు ఇచ్చాడో పేరు చెప్పమని, ఊరుకోకూడదని కోపం చేశారట. సృజన పేరు చెప్పలేదు. ఒక షాపని కాదు, ఎక్కడ దొరికితే అక్కడ కొన్నానంది. తండ్రికి చెప్పలేదు, అవ్వకు చెప్పలేదు. రెండేళ్ళు ఆ సంగతి ఆమె ఒక్కతే మోసింది.

తిడుతుందని, ఏడుస్తుందని, వెళ్ళిపొమ్మంటుందని అన్నింటికీ శ్రవణ్ సిద్ధపడి వచ్చాడు. దీనికి సిద్ధపడలేదు.

"అట్లయితే నేను ఎందుకు పోయిన్నో గూడ నీకు తెలుసు," అన్నాడు మెల్లగా.

"తెల్వది. కన్ను పోయిందని పోయినవనుకున్న."

అప్పుడు ఆ కాగితం సంగతి వచ్చింది. జబ్బు బయటపడిన రోజు సృజన ఆసుపత్రి నుంచి ఇంటికి రాలేదు. నేరుగా మేడ్చల్ వెళ్ళి, డాక్టరు రాసిచ్చిన కాగితం అతని చేతికిచ్చింది. నోటితో చెప్పడం చేతకాక, చదువుకుంటాడులే అని మడత కూడా పెట్టకుండా ఇచ్చింది. అతను కాగితం చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. కొత్త చుక్కలు తీసి, ఎప్పుడెప్పుడు వేసుకోవాలో కవరు మీద రాసి ఇచ్చి, లోపలి గదిలోకి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఆమె కౌంటరు ముందు అరగంట నిలబడి వచ్చేసింది. కాగితం చివర కుడికన్ను పూర్తిగా, ఎడమ కన్ను సగం పైగా పోయిందని రాసి ఉంది. అది చదివే లోపలికి వెళ్ళిపోయాడని ఆమె అనుకుంది.

శ్రవణ్ ఆ చివరి దాకా చదవనే లేదు. పైనుంచి మూడో వరుసలో, స్టెరాయిడ్ చుక్కల వల్ల వచ్చిన ఒత్తిడి అని ఉన్నచోటే అతని కళ్ళు ఆగిపోయాయి. ఆమె చూపు ఎంత పోయిందో నెల తర్వాత అన్న చెబితే తెలిసింది. అప్పటికి మూతల కంపెనీలో చేరిపోయాడు.

ఒకే కాగితం. అతను పైన చదివాడు, ఆమె కింద చదివాడనుకుంది. నడుమ రెండేళ్ళు పోయాయి.

ఇక్కడికి దగ్గరే ఉన్న తూంకుంట దాకా మూడుసార్లు వచ్చి తిరిగి వెళ్ళానని అతను చెప్పాడు. ఒకసారి ఆమె కంపెనీ బస్సు అక్కడ ఆగింది. కిటికీ దగ్గర సృజన కూర్చుని ఉంది. చేయెత్తాడు. ఆమె తల కొంచెం అటే తిరిగి ఉంది కానీ ముఖంలో ఏ కదలికా లేదు. చూసి కూడా చూడనట్టుందని, తనకు అదే తగిన శిక్ష అని అనుకుని వెనక్కి వెళ్ళిపోయాడు.

"బస్సుకు ఏ దిక్కు నిలబడ్డవ్?" అని అడిగింది సృజన.

అతను గుర్తు చేసుకున్నాడు. ఆమెకు కుడివైపు.

సృజనకు ఏడుపు వచ్చింది. కంటికి మంచిది కాదని దవడలు బిగించి ఆపుకుంది.

"శ్రవణ్, గా చుక్కల గురించి నీ మీద నాకు కోపం రాలే. వద్దామన్నా రాలే. గవి నువ్వు గిట్లయితదని తెల్వక ఇచ్చినవ్," అంది. "పోవుడు మాత్రం తెలిసి పోయినవ్."

అతను తల దించుకున్నాడు.

పన్నెండైంది. చుక్కల వేళయిందని, చేతులు కడుక్కుని వస్తున్నానని జయమ్మ బయటి నుంచి అంది. వద్దని, శ్రవణ్ వేస్తాడని సృజన బదులు చెప్పింది.

శ్రవణ్ చప్పున లేచి నిలబడ్డాడు. తన వల్ల కాదన్నాడు. ఆ రోజు తర్వాత చుక్కల సీసా ముట్టలేదన్నాడు. కంపెనీలో ప్లాస్టిక్ పొగకు కళ్ళు మండినా నీళ్ళతో కడుక్కుని ఊరుకుంటున్నాడట. సృజన వినిపించుకోలేదు. సీసా తలాపున స్టూలు మీద ఉందని చెప్పి, మెడ వెనక్కి వాల్చి, ఎదురుచూస్తూ పడుకుంది.

అతను సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని వచ్చాడు. ప్లాస్టరు మెల్లగా ఊడదీసి డొప్ప తీశాడు. అతని వేళ్ళు ఆమె చెంపకు తగిలాయి. ఆ చల్లదనం ఆమెకు గుర్తున్నదే. ఎన్నాళ్ళ నుంచో ఇక రాదనుకున్నది వచ్చి చెంప మీద ఉంది. ఆమె ఊపిరి బిగబట్టి పైకి చూసింది.

చుక్క పడలేదు.

శ్రవణ్ సీసా పట్టుకుని అలాగే వంగి ఉన్నాడు. సృజన నల్లగుడ్డు నల్లగా లేదు. ఊపిరి ఊదిన అద్దంలా బూడిదరంగు పొర కమ్మింది. పైమూలన, గొట్టం కొన ఉండాల్సిన చోట అది మరీ చిక్కగా ఉంది.

నొప్పి ఉందా అని అడిగాడు. ముందు చుక్క వేయమంది ఆమె.

"సృజనా, నొప్పి ఉన్నదా?"

"ఉన్నది."

"ఎప్పటి సంది?"

"పొద్దుగాల అయిదింటి సంది. మసక గూడ అప్పటి సందే."

జయమ్మ చింతపండు చేతులతోనే లోపలికి వచ్చింది. పొద్దున చాయ్ ఇస్తూ ఎలా ఉందని తను అడిగితే బాగుందని ఎందుకు చెప్పావని అడిగింది. సృజన అవ్వ వైపు తిరగలేదు. కనిపించకపోయినా శ్రవణ్ ఉన్న వైపే ముఖం పెట్టి మాట్లాడింది.

ఆపరేషను రోజు, మత్తు పూర్తిగా దిగక ముందు, సృజన రెండుసార్లు శ్రవణ్ పేరు పిలిచిందట. అది విన్న జయమ్మ కొడుక్కు చెప్పకుండా మేడ్చల్ వెళ్ళి, శ్రవణ్ అన్న దగ్గర నంబరు తీసుకుంది. బుధవారం సాయంత్రం మనవరాలికి జడ వేస్తూ, రేపు పదకొండింటికి వస్తాడని చెప్పింది. గురువారం తెల్లవారి నొప్పితో మెలకువ వచ్చినప్పుడు సృజనకు మొదట గుర్తొచ్చింది ఆ మాటే. ఆ గంటే బయలుదేరమన్న డాక్టరు మాట తర్వాత గుర్తొచ్చింది.

"చెప్తే దవాఖానకు తోల్కపోతురు," అంది. "నువ్వొచ్చేసరికి ఇంటికి తాళముండు. మల్ల రావనిపిచ్చింది."

జయమ్మ మంచం అంచున కూలబడింది. శ్రవణ్ వేళ లెక్క చూసుకున్నాడు. ఏడు గంటలు. మొదటి కన్ను తను ఏమవుతుందిలే అనుకుని తీశాడు. రెండో కన్ను తన కోసం ఎదురుచూస్తూ పోతోంది. తర్వాత అతను చుక్క వేసి, డొప్ప పెట్టి, ప్లాస్టరు అంటించి, ఆటో కోసం పరుగెత్తాడు.

జయమ్మ కొడుక్కు ఫోన్ చేసింది. మధుసూదన్ సరుకు దింపేసి సిద్దిపేటలో అన్నం తింటున్నాడట. చేయి కడుక్కుని బయలుదేరాడు. నొప్పి వచ్చిందని మాత్రమే చెప్పింది. ఎప్పుడొచ్చిందో చెప్పలేదు, ఇంటికి ఎవరొచ్చారో చెప్పలేదు.

ఆటోలో సృజన అవ్వ భుజానికి తల ఆనించి కూర్చుంది. శ్రవణ్ ముందు, డ్రైవరు పక్కన కూర్చున్నాడు. గతుకు వచ్చిన ప్రతిచోటా మెల్లగా, మెల్లగా అంటున్నాడు. తూంకుంట దాటారు. హకీంపేట దగ్గర శిక్షణ విమానం నెత్తి మీదుగా మోత పెడుతూ పోయింది. అల్వాల్ దగ్గర బళ్ళు కదలక పది నిమిషాలు ఆగిపోయారు. సృజనకు వెలుతురు తప్ప ఏమీ తెలియడం లేదు. ముందు సీటు వెనకున్న ఇనుప కడ్డీ తడుముకుని, దాని మీద చేయి పెట్టింది. కాసేపటికి అతని చేయి వచ్చి ఆ చేతిని పట్టుకుంది. జయమ్మ రోడ్డు వైపు ముఖం తిప్పుకుంది.

తప్పు చేశానని సృజనకు తెలుసు. మిగిలిన ఆ కాస్త చూపును ఒక పూట కోసం పణంగా పెట్టింది. మళ్ళీ ఆ తెల్లవారుజామే వస్తే ఏం చేస్తానని తనను తాను ప్రశ్నించుకుంది. వచ్చిన జవాబుకు ఆమెకే భయం వేసింది. ఆ భయంలో కూడా ఆ చేతిని వదలలేదు.

సికింద్రాబాద్ దాటి ఆసుపత్రికి చేరేసరికి ఒంటిగంట దాటింది. డాక్టర్ సుస్మిత దీపపు యంత్రం ముందు ఆమె గడ్డం పెట్టించి, చాలాసేపు చూశారు. తర్వాత జయమ్మకు అర్థమయ్యేలా చెప్పారు. గొట్టం నుంచి నీరు మరీ ఎక్కువ పోయి కంటి ముందుగది చదునైపోయింది. దాంతో గొట్టం కొన నల్లగుడ్డు లోపలి పొరకు తగులుతోంది. ఆ పొర దెబ్బతింటే మళ్ళీ పుట్టేది కాదు. ఇప్పుడే థియేటరుకు తీసుకెళ్ళి, ముందుగదిలో జిగురు మందు నింపి, గొట్టానికి మళ్ళీ ముడి వేయాలి. ఆ తర్వాత మసక విడిపోతే సరి. విడకపోతే ఎవరైనా దానం చేసిన నల్లగుడ్డు పొర కోసం ఎదురుచూడాలి. ఆ అతుకు నిలుస్తుందో లేదో కూడా అప్పుడే చెప్పలేరు.

చేయాల్సినవన్నీ చేసి, చక్రాల కుర్చీలో థియేటరు వరండాలోకి తెచ్చేసరికి మధుసూదన్ మెట్లెక్కి వచ్చాడు. కూతుర్ని చూశాడు. కుర్చీకి ఎడమవైపు నిలబడ్డ మనిషిని చూశాడు. అడుగు ఆగింది. కానీ నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

డాక్టర్ కాగితం మీద కలం పెట్టి సృజన వైపు వంగారు.

"గొట్టం ఎంతసేపటి నుంచి తగులుతోందో నాకు తెలియాలమ్మా. నొప్పి ఎన్నింటికి మొదలైంది? సరిగ్గా చెప్పు."

సృజనకు తండ్రి బూట్ల చప్పుడు వినిపించింది. పక్కనే ఉన్నాడు.

"పన్నెండింటికి," అంది.

జయమ్మ తల వంచుకుంది. కలం కాగితం మీద కదలబోయింది.

"కాదు మేడం," అన్నాడు శ్రవణ్. "పొద్దుగాల అయిదింటికి."

డాక్టర్ అతని వైపు ఒకసారి చూసి, అదే రాసుకుని, గబగబా లోపలికి వెళ్ళారు. మధుసూదన్ తిరిగాడు. రెండేళ్ళలో శ్రవణ్‌తో అతను మాట్లాడిన మొదటి మాట అది.

"నీకెట్ల తెలుసు?"

నర్సు కుర్చీ తోయడం మొదలుపెట్టింది. ఒక్క నిమిషం ఆగమని సృజన అడిగింది. టైం లేదంది నర్సు. శ్రవణ్ కుర్చీతోపాటు నేల మీది ఎర్రగీత దాకా నడిచాడు. అతని ఊపిరి మారడం ఆమెకు వినిపించింది. నొప్పి వేళ గురించి మాత్రమే చెప్పి ఊరుకోడని, మొత్తం చెప్పబోతున్నాడని తెలిసిపోయింది.

"శ్రవణ్, నాయినకు చెప్పకు," అంది, వినీ వినబడనట్టు. "నేను చూసుకుంట."

"రెండేండ్లు చెప్పక చూసిన," అన్నాడతను.

కుర్చీ గీత దాటింది. వెనక అతని గొంతు వినిపించింది. మామా, మీకొకటి చెప్పాలె, గా చుక్కలు, అంటున్నాడు. తలుపు మూసుకుంది.

లోపల చలిగా ఉంది. బల్ల మీద పడుకోబెట్టారు. మొద్దుబారే మందు చుక్కలుగా వేశారు. ముఖం మీద పచ్చగుడ్డ కప్పి, ఎడమ కన్ను దగ్గర మాత్రం ఖాళీ వదిలారు. సృజన చెవులు తలుపు వైపే పెట్టింది. తండ్రి గొంతు పెద్దదవుతుందని అనుకుంది. కేకలు వినిపిస్తాయని, ఏదో పడిన చప్పుడవుతుందని అనుకుంది. ఏదీ లేదు. బయట ముగ్గురున్నారు. ఈ తలుపు మళ్ళీ తెరిచేసరికి ఆ ముగ్గురిలో ఎవరు ఉంటారు? తనకు చూపు వస్తే ముందు ఎవరి ముఖం చూడాలో ఆమెకు తెలుసు. ఆ ముఖం అక్కడ ఉంటుందో లేదో తెలియదు.

బయట ఎవరెవరున్నారో ఒక్కసారి చూసి చెప్పమని నర్సును బతిమాలింది. నర్సు డాక్టరు వైపు చూసింది. డాక్టర్ ఇంకా చేతులు తుడుచుకుంటున్నారు. సరేనన్నట్టు తల ఊపారు. తలుపు తెరుచుకున్న చప్పుడు, మూసుకున్న చప్పుడు. చెప్పుల అడుగులు వెనక్కి వచ్చాయి.

"ఒక్కరే ఉన్నరమ్మ," అంది నర్సు.

ఎవరు అని అడగడానికి సృజన నోరు తెరిచేలోపే కంటి మీద పెద్ద దీపం వెలిగింది. కదలవద్దు, మాట్లాడవద్దు అన్నారు డాక్టర్ సుస్మిత.